పర్వతాలు కొట్టిన గాలి

మేడ్చల్ హైవే మీద లారీలు ఆగే చోట, టైర్లకు గాలి కొట్టే పర్వతాలు గురించి డ్రైవర్లు రెండు మాటలు చెప్పేవారు. ఆయన గాలి కొడితే టైరు రాయిలా ఉంటుంది, ఆయనతో వాదనకు దిగితే పన్ను ఊడుతుంది. రెండూ నిజమే. గాలి నింపాక టైరును సుత్తితో ఒక్కటి కొట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటేనే ఆయనకు తృప్తి. మనుషుల్నీ అలాగే కొట్టి చూసే రకం. కూరలో ఉప్పు తక్కువైతే భార్య రుక్కమ్మకు ఒక దెబ్బ, ఎక్కువైతే రెండు. "కోపమొస్తది, ఏం జెయ్యాలె" అనేవాడు, అదేదో జ్వరం వచ్చినట్టు. చివరికి రుక్కమ్మ పగిలిన పెదవితో పుట్టింటికి పోయి, మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

మిగిలింది కూతురు సుప్రజ. "నాయిన ఒక్కడే ఏం వండుకుంటడు" అని ఆగిపోయింది. ఆ పిల్ల కూడా వెళ్ళిపోతే తన గతేమిటన్న భయం పర్వతాలును లోపల తినేస్తూ ఉండేది. ఆ భయాన్ని కూడా ఆయన అరిచే చెప్పేవాడు, ఇంకో పద్ధతి తెలియదు మరి.

తమ్ముడు మల్లేష్ శామీర్‌పేట అవతల రాళ్ళగుట్టల్లో కొంత జాగా కౌలుకు తీసుకుని ఏటీవీ బండ్లు పెట్టాడు. లావాటి చక్రాలు నాలుగుండే ఆ బండ్లెక్కి సిటీ జనం గుట్టల్లో చక్కర్లు కొడతారు. ముందు బండి నడుపుతూ దారి చూపేది సుప్రజ. ఒక డ్రైవరు దవడ పగలగొట్టి అన్న పని పోగొట్టుకున్నాక, మల్లేష్ తీసుకొచ్చి టైర్ల పని అప్పజెప్పాడు.

"అన్నా, ఇవి లారీ టైర్లు గావు," అని మొదటి రోజే చెప్పాడు. "ఐదారు పాయింట్ల గాలి సాలు. అదిమితే బొటనవేలు లోపలికి దిగాలె. మెత్తగుంటేనే రాయిని పట్టుకుంటది. గట్టిగుంటే బండిని ఎగరేస్తది. మరీ తక్కువైతే టైరు రిమ్ముకెళ్ళి ఊడొస్తది, గది గూడ జూస్కో."

పర్వతాలుకు మింగుడు పడలేదు. మెత్తటి టైరంటే ఆయన దృష్టిలో సగంలో వదిలేసిన పని. అయినా పళ్ళు బిగబట్టి చెప్పినట్టే చేశాడు.

ఒక ఆదివారం పొద్దున గుంపుగా వచ్చిన కుర్రాళ్ళలో ఒకడు చక్రాన్ని కాలితో తన్ని, "ఏంది పెద్దమనిషీ, గాలి గూడ కొట్టరాదా నీకు?" అని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. పర్వతాలుకు ఒళ్ళు మండిపోయింది. కంప్రెషర్ ఆన్ చేసి వరసగా అన్ని బండ్లకూ రాయిలా గాలి కొట్టాడు. సుత్తితో ఒక్కో చక్రాన్నీ మోగించి, కుర్రాళ్ళ వంక చూశాడు.

సుప్రజ వచ్చి చూసింది. వంగి, ఒక్కో చక్రంలో ఎక్కువైన గాలి వదలడం మొదలుపెట్టింది. బుస్సుమని గాలి పోతుంటే కుర్రాళ్ళు మళ్ళీ నవ్వారు. వాళ్ళ బండ్లన్నీ అయిపోయి, తన బండి దగ్గరకు వచ్చేసరికి పర్వతాలు అరచెయ్యి ఆమె చెంప మీద పడింది. పిల్ల తూలి చక్రం మీద పడింది.

"నా గాలే తీస్తవా? ఇంకో చక్రం ముట్టుకుంటే చేతులిరగ్గొడ్త! ఎక్కు!"

"నాయినా, గిది గుట్ట మీద ఎగురుతది..."

"ఎక్కమన్ననా లేదా?" చేతిలో సుత్తి ఉంది. సుప్రజ ఎక్కింది.

గుట్ట దిగే చోట ముందు చక్రం రాయికి తగిలి బంతిలా లేచింది. బండి గాలిలోనే పక్కకు తిరిగి సుప్రజను బండకేసి కొట్టి, ఆమె మీదే పడింది. ఎముక విరిగిన చప్పుడు వెనక వస్తున్న కుర్రాళ్ళకు కూడా వినిపించింది. ఇందాక నవ్వినవాడే కేక పెట్టాడు.

పర్వతాలు పరుగెత్తుకొచ్చేసరికి మల్లేష్ బండిని లేపి పక్కకు నెట్టేశాడు. సుప్రజ భుజం కిందికి జారిపోయి ఉంది, నుదుటి నుంచి రక్తం కారుతోంది. మల్లేష్ చక్రం మీద బొటనవేలు పెట్టి అదిమాడు. వేలు దిగలేదు.

"ఎంత కొట్టినవ్?" అన్నాడు.

పర్వతాలు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "ఒక్కటే కొట్టిన. చెంప మీద. గట్టిగ గూడ కాదు తమ్మీ."

మల్లేష్ అడిగింది గాలి సంగతి. ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. తర్వాత సుప్రజ చెంప మీద తేలిన వేళ్ళ గుర్తులు కనిపించాయి. లేచి అన్న ముక్కు మీద గుద్దాడు. పర్వతాలు కింద పడ్డాడు. మల్లేష్ అన్న ఛాతీ మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ గుద్దాడు. దెబ్బ తిని ఊరుకోవడం పర్వతాలు ఒంట్లోనే లేదు. తప్పు తనదని తెలిసి కూడా తమ్ముడి గొంతు పట్టి పిసికాడు. ఇద్దరి నోళ్ళలోనూ మట్టి, రక్తం.

"చిన్నాయినా, ఇడ్చిపెట్టు," అంది సుప్రజ బండ మీది నుంచి. "నాకు పాణం పోతాంది. జల్దీ దవాఖానకు తీస్కపో."

ఇద్దరూ విడిపోయారు. మల్లేష్ ఆమెను ఎత్తుకుని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి, అటువైపు నుంచి ఎక్కాడు. పర్వతాలు ముక్కు తుడుచుకుంటూ జీపు పక్కకు వచ్చాడు. తలుపు మెల్లగా వేద్దామని చెయ్యి ఎత్తాడు.

సుప్రజ ఒక్కసారిగా ముడుచుకుపోయింది. ముఖం కప్పుకోవడానికి రెండు చేతులూ లేపబోయింది. ఒకటే లేచింది.