ఆకురాయి గీతలు

తుపాకుల పెద్దాయన దగ్గరికి ఏ పాత తుపాకీ వచ్చినా వైద్యం తిట్లతోనే మొదలయ్యేది. తిట్లు తుపాకీకి కాదు, అంతకుముందు దాన్ని బాగుచేసినవాడికి. "ఏ మహానుభావుడో గాని, స్క్రూ తలని కొరికి తీశాడే!" అని అరిచేవాడు. "మీరు తప్ప ఈ లోకంలో పనివాడే పుట్టలేదు లెండి" అని భార్య వంటింట్లోంచి దెప్పేది. ఆయన దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకునేవాడు.

ఆ నోటి దురుసుతోనే ఒకప్పుడు సొంత తమ్ముణ్ణి దుకాణంలోంచి వెళ్లగొట్టాడు. అప్పట్లో ఇద్దరూ తండ్రి దగ్గరే పనిచేసేవాళ్లు. తమ్ముడు బాగుచేసిన వేటతుపాకీ యజమాని చేతికి వెళ్లగానే మొరాయించింది. తూటా పేలేలా వెనకనుంచి కొట్టే చిన్న ఇనప సుత్తిని, అంటే గుర్రాన్ని, సగం లాగి వదిలితే అక్కడే ఆగాలి. అది జారి యజమాని బొటనవేలు చితక్కొట్టింది. "గుర్రాన్ని ఆపే లోపలి గాడిని వీడే అరగదీశాడు! వీడి చేతికి ఆకురాయి ఇస్తే ఇంతే!" అని పెద్దాయన తండ్రి ముందే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. తమ్ముడు మారుమాట్లాడకుండా చొక్కా తగిలించుకుని వెళ్లిపోయాడు. తర్వాత తాళాలు బాగుచేసుకుంటూ బతికాడు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పొడిపొడి పలకరింపే.

అప్పట్లో యజమాని విసుగొచ్చి, బాగుచేయించకుండానే పట్టుకెళ్లిన ఆ తుపాకీయే మొన్న మళ్లీ వచ్చింది. పాత యజమాని కోడలు దాన్ని మ్యూజియానికి ఇద్దామని, తుప్పు వదిలించమని తెచ్చింది. పెద్దాయన అలవాటుగా తిట్లు లంకించుకుని పక్క రేకు విప్పాడు. గాడి ఉన్న లోపలి ముక్కని కిరసనాయిల్లో కడిగి భూతద్దం కింద పెట్టాడు. తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

గాడి అంచున ఆకురాయి గీతలు రెండు రకాలున్నాయి. అడుగున కుడివైపు వాలినవి, సన్నగా, పొందికగా. వాటిని చెరిపేస్తూ ఎడమవైపు వాలినవి, లోతుగా. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం తనొక్కడిదే. అప్పుడు గుర్తొచ్చింది. గుర్రం అక్కడ పట్టేస్తోందనిపించి, తమ్ముడు భోజనానికి లేచినప్పుడు తనే నాలుగు రుద్దులు రుద్దాడు. అంత చిన్న పని మళ్లీ మనసులోకే రాలేదు. పెద్దాయన సిగ్గుతో చచ్చిపోయాడు. అద్దంలో మొహం చూసుకోవాలన్నా రోత పుట్టింది.

ఆ ముక్కని జేబులో వేసుకుని తాళాల కొట్టుకి వెళ్లాడు. తమ్ముడు స్టూలు జరిపి "రా అన్నయ్యా, కూర్చో" అన్నాడు. పెద్దాయన కూర్చుని ముక్కని బల్ల మీద పెట్టాడు.

తమ్ముడు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "నాకు ఆరోజే తెలుసులే, నీ ఎడమచేతి గీతలు చూశాను" అన్నాడు.

"తెలిసీ నోరెందుకు మూసుకున్నావురా?"

"నాన్నకి చూపు తగ్గిపోతోంది. దుకాణం ఇక నడపాల్సింది నువ్వే. ఆయనకి నీ చేతిమీద నమ్మకం పోతే ఎలా?" అన్నాడు తమ్ముడు. "అయినా నీకే గుర్తొస్తుందనుకున్నాను. పిలుస్తావేమోనని వీధి మలుపులో చాలాసేపు నించున్నాను."

పెద్దాయనకి ఇప్పుడు అదీ గుర్తొచ్చింది. ఆరోజు తమ్ముడు గడప దాటగానే తలుపేసి గడియ పెట్టింది తనే.