మునగడం చేతకాని ఈతగాడు

సముద్రంలో మునిగిపోయినవాళ్ల కథలు మీరు వినే ఉంటారు. సముద్రంలో మునగడం చేతకాక పరువు పోగొట్టుకున్నవాడి కథ మాత్రం విని ఉండరు. ఆ ఘనుణ్ని నేనే. పేరు రాజేశం, ఊరు లక్సెట్టిపేట, పని పెళ్లిళ్లకు ఫొటోలు తీయడం. నవ్వు వస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అన్నిటికీ మూలం నా నోరు. గోదావరి పక్కన పుట్టినవాడికి ఈత రాదంటే ఎవరూ నమ్మరు. నమ్మేవాళ్లను నిరాశపరచడం ఎందుకని, వానాకాలంలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈది, చాయ్ తాగి తిరిగి వచ్చేవాణ్నని పెళ్లిపందిళ్లలో చెప్పేవాణ్ని. నిజానికి నేను నీళ్లలోకి దిగింది మా చిన్నబాపు, అంటే చిన్నాన్న, పొలం బావిలో. మా దగ్గర పిల్లల వీపుకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి బావిలోకి తోస్తారు. కాళ్లూ చేతులూ ఆడించడం వచ్చాక డబ్బా విప్పేస్తారు. నా డబ్బా ఎవరూ విప్పలేదు. విప్పబోయిన రోజున నేను పెట్టిన కేకలకు పక్క చేలో పత్తి ఏరే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను బావిలో ఓడి సముద్రం మీదికి పోయాను.

మా అక్క లక్ష్మి. ఆమె భర్త సత్తయ్య బావ పెళ్లయిన ఏడాదికే మస్కట్ పోయాడు. టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకెళ్లే పడవ మీద మొదట సిలిండర్లు మోశాడు. తర్వాత తానే డైవింగ్ నేర్చుకుని, సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఆ సర్టిఫికెట్ పుణ్యాన విశాఖపట్నం అవతల, సముద్రపు ఒడ్డున కొత్తగా కడుతున్న ఒక డైవింగ్ రిసార్టులో పని దొరికింది. అయితే అది ఇంకా ఖాయం కాలేదు. హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చి, చూసి, పెట్టుబడి పెడతానంటేనే రిసార్టు నిలుస్తుంది, బావ ఇక్కడ ఉంటాడు. కాదంటే మళ్లీ మస్కట్ విమానమే. మేడం నోట "సరే" అనే మాట కోసం అక్క మొక్కని దేవుడు లేడు.

అప్పుడు బావ నాకు ఫోన్ చేశాడు.

"రాజేశం, మేడంకు ట్రయల్ చూపెట్టాలె. నా అసొంటోడు దిగితే ఆమె నమ్మదట. ఎన్నడు సముద్రం చూడని మామూలు మనిషి దిగాలెనట. నువ్వొస్తవా?"

"గదెంత పని బావా! గోదారిని ఈదినోణ్ని."

"ఈత రాకున్నా నడుస్తది. నేను చెయ్యి పట్టుకునే ఉంట. నీళ్లంటే భయం మాత్రం ఉండొద్దు. ఉంటే ఇప్పుడే చెప్పు, ఇంకోణ్ని చూసుకుంట."

చూశారా, ఎంత మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడో! నేను ఆ తలుపు నా చేత్తోనే వేసేశాను.

"భయమా? అదెట్లుంటదో సుత నాకెర్క లేదు బావా."

అక్కా నేనూ డబ్బా నిండా మక్కజొన్న గారెలతో మంచిర్యాలలో రైలెక్కి, విశాఖపట్నంలో దిగాం. రిసార్టును చూసి నాకు మతి పోయింది. గేటు ఉంది, గోడ లేదు. అక్కడి కాపలా మనిషి మాకు గేటు తెరిచి మరీ దారి ఇచ్చాడు, పక్క నుంచి మేకలు తీరిగ్గా లోపలికి నడుస్తున్నాయి. ఆలు లేదు, చూలు లేదు, స్విమ్మింగ్ పూల్‌కు మాత్రం రంగురంగుల బోర్డు ఉంది. బోర్డు కింద పెద్ద గొయ్యి, గొయ్యిలో సిమెంటు బస్తాలు. నా గదిలో ఏసీ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నీళ్లలో వేసుకునే నల్ల సూట్లు కూడా, బావ సొంతది కాక, అప్పటికి రెండే వచ్చాయి. ఒకటి సన్నటి మనిషిది, రెండోది పహిల్వానుది. నాకు పహిల్వానుది దక్కింది. అందులో నేనూ, ఇంకో సగం నేనూ పడతాం.

సాయంత్రం బావ ఒక బెల్టు తెచ్చి ఇచ్చాడు. దానికి చిన్న చిన్న సంచులున్నాయి.

"రేపు గిది నడుముకు కట్టుకోవాలె. లోపల సీసం ఉంటది."

"సీసమా? ఎందుకు బావా?"

"మునగనీకె."

మంచినీళ్లు తాగమన్నంత నెమ్మదిగా చెప్పాడు. ఆ తర్వాత జాకెట్‌లో గాలి గురించీ, ఊపిరి గురించీ చాలా చెప్పాడు కానీ, సీసం తర్వాత ఒక్క ముక్క నా చెవికి ఎక్కలేదు. మా గోదావరిలో జాలర్లు వలకు సీసం గుళ్లు కడతారు. ఆ వలను పైకి లాగడానికి నలుగురు మనుషులుంటారు. నన్ను లాగేదెవరు? మనిషికి సీసం కట్టి సముద్రంలో వదిలితే దాన్ని మా వైపు డైవింగ్ అనరు, కేసు అంటారు.

పొద్దున లేవగానే నా తెలివికి పదును పెట్టాను. బెల్టులోని సీసం తీసి మంచం కింద దాచాను. ఏసీ పెట్టెలోని తెల్లటి థర్మకోల్ ముక్కలు విరిచి ఆ సంచుల్లో కుక్కాను. అంతటితో ఆగితే నేను రాజేశాన్ని ఎలా అవుతాను? రైల్లో కొనుక్కున్న నీళ్ల బాటిళ్లు నాలుగు ఖాళీవి ఉన్నాయి. మూతలు బిగించి పొట్ట మీద పెట్టుకుని, పైన సూటు వేసుకున్నాను. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలంటారు. నేను ముందుచూపున్నవాణ్ని.

పడవ దగ్గర బావ నన్ను చూసి ఆగాడు.

"ఏందిరా, పొట్ట గంత పెరిగింది?"

"అక్క చేసిన గారెలు బావా. జర ఎక్కువ తిన్న."

ఆయన మేడంను పడవ ఎక్కించే హడావిడిలో ఉండి నమ్మేశాడు. మేడం, రిసార్టు ఓనరు, అక్క పడవలో కూర్చున్నారు. ఒడ్డుకు కాస్త దూరంలో, అలల్లేని చోట పడవ ఆగింది. నా వీపున సిలిండరు, సూటు మీద గాలి నింపిన జాకెట్, కాళ్లకు బాతు పాదాలు, నోట్లో గొట్టం. బావ ముందు దిగాడు, వెనక నేను దబ్బున పడ్డాను. పడ్డంత వేగంగా పైకొచ్చాను.

బావ నా జాకెట్‌లో గాలి తీసేశాడు. నేను తేలుతున్నాను. భుజాలు పట్టి కిందికి నొక్కాడు. చేయి తీయగానే మళ్లీ పైకి.

"ఏవండీ సత్తయ్యగారూ, మీ బావమరిదిగారు దిగట్లేదేంటండీ?" అన్నాడు ఓనరు.

"కొత్త గద సార్. జర టైం పడుతది."

ఈలోగా ఆ వదులు సూటులో నా బాటిళ్లు పొట్ట వదిలి మోకాళ్ల వైపు ప్రయాణం కట్టాయి. బావ ఇంకోసారి నొక్కేసరికి తల కిందికి, కాళ్లు పైకి అయ్యాయి. నీళ్లపైన నా బాతు పాదాలు రెండూ టపటపా కొట్టుకుంటున్నాయి.

"అతనేంటి, కాళ్లు చూపిస్తున్నాడు?" అంది మేడం.

నేను గింజుకున్న గింజుకుడుకు బెల్టు ఊడింది. థర్మకోల్ ముక్కలు నీళ్ల మీద మల్లెపూలు చల్లినట్టు పరుచుకున్నాయి. వాటి వెనకే సూటు కాలి అంచులోంచి ఒక బాటిల్ బయటపడింది. తర్వాత ఇంకొకటి.

"ఓరి రాజేశం! గవి మన రైలు బాటిళ్లు గదరా!" అని అక్క కేక.

బావ నన్ను తిన్నగా నిలబెట్టి, నోట్లోంచి గొట్టం తీసి, నా మొహం చూశాడు. తిట్టలేదు. "భయముందని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మేడం నల్లద్దాలు తీసి అంది. "సత్తయ్యగారూ, మీ సొంత మనిషే మిమ్మల్ని నమ్మలేదు. టూరిస్టులు ఎలా నమ్ముతారు? ఇక వెనక్కి పోదాం."

బావ పడవను ఒడ్డు వైపు తిప్పించాడు. ఆయన బతుకుతెరువును నేను నాలుగు ఖాళీ బాటిళ్లకు అమ్మేశానని అప్పుడు అర్థమైంది. నా జీవితంలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

పడవ ఒడ్డుకు తగలగానే అక్క మేడం ముందుకొచ్చి నిలబడింది.

"మేడం, వాడు నమ్మలే. నేను నమ్ముత. నేను దిగుత."

"మీకు ఈత వచ్చా?"

"రాదు."

"భయం లేదా?"

"ఎందుకు లేదు, ఉన్నది. గీ మనిషి మొఖం ఫోన్ల చూసుకుంటనే ఇన్నేండ్లు ఎళ్లదీసిన. ఇయ్యాల చెయ్యి పట్టుకొని తీస్కపోతనంటే, భయమని ఒడ్డున కూసుంటనా?"

మేడం ఓనరుకు సన్న సూటు తెమ్మని సైగ చేసింది. బావ అయితే సముద్రం వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సన్న సూటు అక్కకు కుట్టించినట్టు సరిపోయింది. మంచం కింది సీసం మోసుకొచ్చి బెల్టులో పెట్టింది నేనే. బావ కట్టమంటే అక్క నడుముకు కట్టిందీ నేనే. తోడబుట్టినదానికి సీసం కట్టడానికి మనసొప్పక వదులుగానే బిగించాను.

"గట్టిగ కట్టురా. మళ్ల నీ లెక్క తేలితే నగుబాటు" అంది అక్క.

పడవ మళ్లీ ఇందాకటి చోటికే పోయింది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని నీళ్లలోకి పోయారు. పైన బుడగలు మాత్రం మిగిలాయి. నేను పడవ అంచు పట్టుకుని ఆ బుడగలనే చూశాను. నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను, తెలియనివాళ్లను కూడా పిలిచాను. చివరికి రెండు తలలు పైకొచ్చాయి. అక్క మొహం నిండా నవ్వు.

"ఏమున్నదే అక్కా కింద?"

"చేపలున్నయిరా. మనల్ని చూసి అవ్వే పరేషానైతున్నయి."

మేడం పకపకా నవ్వి, ఓనరు వైపు తిరిగింది. "నా సైజు సూటు తెప్పించండి. నేను దిగుతాను, సత్తయ్యగారితోనే." అక్క ఎదురుచూసిన "సరే" అదే. బావ మళ్లీ మస్కట్ పోలేదు. ఆ రిసార్టు పక్కనే అక్కా బావా కాపురం పెట్టారు.

మర్నాడు బావ ఎవరూ లేనప్పుడు నన్ను పిలిచి, సీసం కట్టి, నీళ్లలోకి తీసుకెళ్లాడు. నేను ఆయన చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, పైకొచ్చాక కూడా నా గోళ్ల గుర్తులు పోలేదు. అంత నాశనం చేసినవాణ్ని అంత ప్రేమగా పట్టుకున్న ఆ చేతికి నేను బతికినంత కాలం రుణపడి ఉంటాను. నా పరువును తన ధైర్యంతో కప్పిన అక్కకు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఆ రిసార్టుకు గోడ వచ్చింది, పూల్‌లో నీళ్లొచ్చాయి, అన్ని సైజుల సూట్లూ వచ్చాయి. కానీ ఎంత పెద్దమనిషి వచ్చినా సరే, పడవ ఎక్కేముందు పొట్టా మోకాళ్లూ తడిమి చూడనిదే వదలరు. అక్కడి పనివాళ్లు దానికి పెట్టిన పేరు "రాజేశం చెకింగు". మొన్న నేను పోతే ఎవరో కొత్త కుర్రాడు నన్నూ తడిమాడు. "ఎందుకు బాబూ ఇదంతా?" అని అమాయకంగా అడిగాను. "మీకు తెలీదండీ, వెనకటికి ఎవడో మహానుభావుడు వచ్చాడంట" అన్నాడు.

కనుక పాఠక మహాశయులారా, ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సత్తయ్య బావ సీసం కట్టమంటే సీసం కడతాను, తిరగలి రాయి కట్టమంటే తిరగలి రాయి కడతాను. భయమేస్తే భయమేస్తోందని చెబుతాను. ఖాళీ బాటిల్ కనిపిస్తే అది నిండేదాకా అక్కడినుంచి కదలను.