క్లచ్ పెడల్ కింద యూరియా సంచి

సోమ, బుధ, శుక్రవారాలు తెల్లవారగానే మా ఆయన్ని కారెక్కించుకుని దివిసీమలోని మా ఊరి నుంచి బందరు బయలుదేరతాను. ఏడున్నరకల్లా ఆయన డయాలసిస్ మంచం మీద ఉండాలి. నాలుగు గంటలు మిషను ఆయన రక్తం కడుగుతుంది. మళ్ళీ తీసుకొచ్చి ఇంట్లో దింపి, ఇంత అన్నం పెట్టి, నేను మధ్యాహ్నం బడికి పరుగెత్తాలి. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా ఇదే వరస. "ఎలా ఉన్నారు టీచరుగారూ?" అని ఎవరైనా అడిగితే "ఉన్నామండీ" అంటాను. అంతకు మించి చెప్పే ఓపిక నాకు లేదు, వినే తీరిక వాళ్ళకూ ఉండదు.

ఆలస్యంగా వెళ్తే ఆస్పత్రిలో మంచం ఇస్తారు గానీ, టైము కోస్తారు. తరవాతి షిఫ్టు వాళ్ళు గుమ్మం దగ్గరే కూర్చుని ఉంటారు మరి. కోసిన గంట తాలూకు నీరు ఆయన ఒంట్లోనే ఉండిపోతుంది. రెండు రోజులు ఆయాసం. అందుకని ఆ కారు నాకు కారు కాదు, ఆయన ఊపిరి.

కారు ఆయన వ్యవసాయం చేసే రోజుల్లో కొన్నది. మోకాళ్లదాకా బురదతో వచ్చి అలాగే డ్రైవరు సీట్లో కూర్చునేవారు. అందుకని పెడల్స్ కింద, మ్యాట్ మీద, ఉతికి ఆరేసిన యూరియా సంచి పరిచేదాన్ని. మా వైపు రైతుల కార్లన్నిటికీ ఇదే తివాచీ. జబ్బు చేశాక పొలం కౌలుకిచ్చాం, ట్రాక్టరు అమ్మేశాం, యాభై దాటిన నేను ఆయన చేత తిట్లు తింటూ డ్రైవింగు నేర్చుకున్నాను.

ఎండాకాలం చివర్లో క్లచ్ మెత్తబడింది. తొక్కితే నీళ్ళలో కాలేసినట్టు దిగిపోతోంది, గేరు కరకరమంటోంది. ఈ కార్లో క్లచ్‌కి వైరు ఉండదు, నూనే తొయ్యాలి. బానెట్ కింద చిన్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ ఉంటుంది. పెడల్ తొక్కితే పైన ఉన్న సిలిండరు ఆ నూనెని గొట్టంలోంచి కిందికి తోస్తుంది, కింద ఇంకో సిలిండరు క్లచ్‌ని కదుపుతుంది. మధ్యలో ఎక్కడ కారినా పెడల్ చచ్చిపోతుంది. ఇదంతా నాకిప్పుడు తెలుసు. తెలుసుకోవాలని నేనేం ముచ్చటపడలేదు.

అవనిగడ్డలో ఒక మెకానిక్ కారు కిందికి దూరి చూశాడు. "కిందదే అయ్యుంటుందండి" అని కింది సిలిండరు మార్చి, డబ్బా నిండా బ్రేక్ ఆయిల్ పోసి పంపించాడు. రెండు వారాలు బాగానే నడిచింది. మళ్ళీ డబ్బాలో నూనె తగ్గింది, పెడల్ మెత్తబడింది. కారితే నేల మీద మరక పడాలి గదా? కారు కింద అట్టపెట్టె విప్పి పరిచి చూశాను. పొద్దున్నే అట్ట పొడిగా నన్ను వెక్కిరించింది. పోసిన నూనె డబ్బాలో ఉండాలి, లేదా నేల మీద ఉండాలి. రెండు చోట్లా లేకపోతే ఎక్కడో లెక్క తప్పింది. ఎక్కడ తప్పిందో ఈ లెక్కల టీచరుకి తెలియలేదు.

ఆ బుధవారం చల్లపల్లి సెంటర్లో పెడల్ అడుగుకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. పైకి రాదు. చెప్పు విడిచి కాలివేళ్ళతో లాగాను, వచ్చింది, తొక్కితే మళ్ళీ పడిపోయింది. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తియ్యడు.

"కంగారుపడకు. ఇంజను ఆపెయ్" అన్నారు ఆయన పక్క సీట్లోంచి.

"ఆగిపోయే ఏడ్చిందండీ!"

"సెకండ్ గేర్లో పెట్టు. ఇప్పుడు తాళం తిప్పు."

తిప్పాను. కారు లేగదూడలా రెండు గెంతులు గెంతి కదిలింది.

"ఇంక ఆపకు. బందరుదాకా ఇదే గేరు."

ఆపకుండా ఎలా? దారిలో గేదెల మంద. అద్దం దించి, సిగ్గు విడిచి, "అయ్యా, తప్పించు! నేను ఆపలేను, నాకు క్లచ్ లేదు!" అని కేకలు పెట్టాను. ఆ కాపరికి క్లచ్ సంగతి ఏమర్థమైందో గానీ గేదెల్ని తోలాడు. మా ఆయన నవ్వారు. ఆయన పళ్ళు కనపడేలా నవ్వి ఎన్నాళ్ళయిందో! నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మేం చేరేసరికి ఎనిమిదిన్నర. "గంట తగ్గిస్తామమ్మా, ఏమనుకోవద్దు" అన్నారు. ఏమనుకోను? అనుకునే శక్తి ఉంటేగా.

ఆయన్ని పడుకోబెట్టి, కారుని మళ్ళీ గెంతిస్తూ ఆస్పత్రి వెనక వీధిలో ఉన్న ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. షెడ్డు మనిషికి అరవై అయిదు దాటి ఉంటాయి. "బాబాయ్‌గారూ, మధ్యాహ్నానికి నడవాలి ఇది. ఎల్లుండి మళ్ళీ రావాలి" అన్నాను.

బాబాయ్ అసలు కారు కిందికి దూరనేలేదు. డ్రైవరు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, యూరియా సంచి ఎత్తి, దాని కింద మ్యాట్ వేలితో నొక్కారు. వేలు తడిసింది. వాసన చూశారు.

"ఇదిగోనమ్మా నీ నూనె. పైన సిలిండరు లోపలివైపు కారుతోంది. పెడల్ వెంబడే జారి మ్యాట్‌లోకి దిగుతోంది. బయట నేల మీద వెతికితే ఎక్కడ కనపడుద్ది?"

సంచి పక్కకి గిరాటేశారు. "పొలం ఎవరు చేస్తున్నారమ్మా?" అన్నారు.

"ఇప్పుడు మేం చెయ్యట్లేదు. మీరు పని చూడండి బాబాయ్" అన్నాను.

తరవాత బానెట్ ఎత్తి డబ్బా మూత తీశారు. మూత లోపలి రబ్బరు నానబెట్టిన అప్పడంలా ఉబ్బి వంకర్లు పోయి ఉంది. "ఇందులో ఏం పోశారు?"

"నేనేం పొయ్యలేదు! ఆ డబ్బా మూత నేనెప్పుడూ తియ్యలేదు. ఆ అవనిగడ్డవాడే పోసుంటాడు, వాడి..."

"వాణ్ణి తిట్టకమ్మా. వాడు బ్రేక్ ఆయిలే పోశాడు. దాని మీద ఎవరో ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్ పోశారు, పైన తేలుతోంది చూడు. ఆ ఆయిల్ తగిలితే ఈ రబ్బర్లు ఉబ్బిపోతాయి. పెడల్ పైకి రాకపోవడం అందుకే. పక్కనున్న బ్రేకు డబ్బాలో పొయ్యలేదు, బతికిపోయారు."

ట్రాక్టరు అమ్మాం గానీ, సగం ఉన్న ఆయిల్ డబ్బా ఇంకా మా వసారాలోనే ఉంది. మా ఆయన్ని అమ్మమంటే "ఉండనీవే, తింటోందా తాగుతోందా" అన్నారు. నాకింక ఎవరినీ అడగాల్సిన అవసరం లేకపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే మరి!

పైదీ కిందదీ రెండు సిలిండర్లూ మార్చాలన్నారు బాబాయ్. బందర్లో దొరకలేదు. గుడివాడ షాపువాళ్ళకి ఫోన్ చేస్తే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతామన్నారు. ఆ బస్సు వచ్చేలోపు గొట్టమంతా కొత్త ఆయిల్‌తో కడిగారు. నేను బల్ల మీద కూర్చుని మా ఆయన్ని ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకున్నాను. బస్సు వచ్చింది, పొట్లం వచ్చింది. సిలిండర్లు బిగించడం మొదలెట్టగానే ఆస్పత్రికి వెళ్ళాను.

ఆయన మంచం మీద లేచి కూర్చుని, చేతికి కట్టిన దూది నొక్కి పట్టుకుని ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది.

"బండి ఏమైంది?"

"మీరే చంపారు దాన్ని" అన్నాను. పేర్చుకున్నవన్నీ గుమ్మరించాను. నర్సు వింటోందని కూడా చూడలేదు. "ట్రాక్టరు నూనె కార్లో పోస్తారా ఎవరైనా? ముప్పై ఏళ్ళు ఇంజన్లతో బతికిన మనిషి! ఈ రోజు మీకు గంట పోయింది. ఎవరి మూలంగా?"

ఆయన తల ఎత్తలేదు. "ఆదివారం నువ్వు బట్టలు ఉతుక్కుంటుంటే పోశాను. రోజూ ఆ పెడల్ తొక్కి తొక్కి నీ మోకాలు వాస్తోంది. మూత తీసి చూస్తే నూనె తగ్గిందని తెలిసింది. అన్నీ హైడ్రాలిక్కే గదా అనుకున్నా." చేతి మీది దూది సరిచేసుకుంటూ అన్నారు: "నీకు చేసిపెట్టడానికి నా చేతిలో ఇంకే పని మిగిలిందే?"

నా దగ్గర తిట్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఆటో పిలిచాను.

షెడ్డుకి చేరేసరికి సిలిండర్లు బిగించడం అయిపోయింది. గొట్టంలో గాలి తియ్యడం మిగిలింది. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద నట్టు వదిలి గాలి పోనివ్వాలి. నేను సీటువైపు నడిచాను.

"నేను తొక్కుతా" అన్నారు మా ఆయన.

"మీకు కాళ్ళు పట్టేస్తాయి. వద్దు."

"నీ మోకాలికంటే నయమేలే."

"తొక్కనీవమ్మా" అని కారు కిందనుంచి బాబాయ్ గొంతు. "రండి అల్లుడుగారూ."

ఆయన తలుపు పట్టుకుని వంగబోతూ ఆగారు. కింద పడి ఉన్న సంచి చూశారు. నూనె పీల్చి ఒక మూల నల్లబడి ఉంది. ఆ నలుపు నా చెప్పుల మురికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఇదెక్కడిది?"

"మీ కార్లోదేనండీ. ఇది పరిచారు గనకే ఇన్నాళ్ళూ కారడం కనపడలేదు. లేకపోతే మొదటి వారమే కాలికి తడి తగిలేది" అన్నారు బాబాయ్.

ఆయన నావైపు తిరిగారు. నేను పొద్దుటినుంచి అందరినీ తిట్టాను. అవనిగడ్డవాణ్ణి, బస్సువాణ్ణి, ఈయన్ని. ఇప్పుడు నా వంతు వచ్చింది. తిట్టించుకుందామనే నిలబడ్డాను.

"నేను పొలంలో అడుగుపెట్టి రెండేళ్ళయింది. బురద ఎక్కడిదే?" అన్నారు మెల్లగా.

ఏం చెప్పను? ప్రతి ఆదివారం ఉతికి ఆరేసి, సోమవారం పొద్దున్నే పరుస్తున్నాను. మానేస్తే ఇంక ఈయన పొలానికి వెళ్ళరని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. ఆ మాట షెడ్డులో అనలేక, వంగి సంచి తీసి మడతపెట్టాను.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. రెండేళ్ళ తరవాత అదే మొదలు.

"తొక్కండి... పట్టుకోండి... వదలండి" అని కిందనుంచి బాబాయ్. తొడ వణుకుతుంటే ఆయన చేత్తో మోకాలిని అదిమి తొక్కారు. పది సార్లు, ఇరవై సార్లు. నేను లెక్కపెట్టడం మానేశాను. చివరికి "గట్టిపడింది" అన్నారు మా ఆయన. చెమటలు కారుతున్నాయి. డయాలసిస్‌లో గంట కోత పడ్డ మనిషి ఆయన. ఆ రెండు రాత్రులూ దిండుకి ఆనుకుని కూర్చునే నిద్రపోయారు.

శుక్రవారం పొద్దున పెడల్ కింద ఉతికిన మ్యాట్ పొడిగా ఉంది. నేను ఇంకో సంచి చేత పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయాను. పరవాలా, ఇంట్లో పడెయ్యాలా తెలియలేదు. ఆయన పక్క సీట్లో బెల్టు పెట్టుకుంటూ చూశారు.

"వెయ్యవే" అన్నారు. "కాకపోతే రోజూ ఎత్తి చూసుకో."