మామయ్యగారికి మతిమరుపు లేదు

మా మామయ్యగారు రెజైనా నుంచి బర్నబీలోని మా ఇంటికి వచ్చేసినప్పుడు ఆయన వెంట రెండు సూట్‌కేసులు, ఒక కుట్టు మిషను, ముప్పైకి పైగా ఖాళీ ఐస్‌క్రీమ్ బకెట్లు వచ్చాయి. నాలుగు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ బకెట్లు. ఒకదాంట్లో ఒకటి దూర్చి, పురికొసతో కట్టి, లారీలో వచ్చే సామానుతో పాటు పంపించారు. వాటిని గరాజ్‌లో దింపుకుంటూ నా మొహం చూసినట్టున్నారు.

"రెజైనాలో ఇవి లేని ఇల్లు ఉండదు బాబూ. దోసెల పిండికి ఒకటి, మేకులకి ఒకటి, ఆవకాయ కలపడానికి ఒకటి. మేం ఐస్‌క్రీమ్ కొనేది బకెట్ కోసం. ఐస్‌క్రీమ్ దాంతో పాటు ఫ్రీగా ఇస్తారు" అన్నారు.

ఆయన సివిల్ ఇంజనీరు. గోదావరి ప్రాంతం నుంచి వచ్చి, రెజైనా ఉన్న సస్కాచ్వాన్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ముప్పై ఏళ్ళకు పైగా రోడ్లూ కల్వర్టులూ వేయించారు. అత్తయ్యగారు పోయాక రెండు చలికాలాలు ఒక్కరే గడిపారు. మా ఆవిడ ఫోన్‌లో ఏడిస్తే, చివరికి సరేనన్నారు. కూతురి దగ్గర ఉండటమంటే అల్లుడి ఇంట్లో ఉండటమే. ఆ తరం మనిషికి అది ఎంత ఇబ్బందో నేను ఆలోచించలేదు. ఊరికే కూర్చుని తినడం ఆయన వల్ల కాదు. వెతగ్గా వెతగ్గా మా ఇంట్లో ఆయనకి దొరికిన ఉద్యోగం మా చెత్త.

నెల తిరిగేసరికి ఇల్లు మారిపోయింది. పాల జగ్గులు ఏటవాలుగా కోస్తే బియ్యం తీసే చేటలయ్యాయి. బియ్యం సంచుల జిప్పులు ఊడదీసి మా అమ్మాయి చిరిగిన జాకెట్‌కి వేశారు. నా పాత జీన్స్ పొయ్యి మీద గిన్నెలు దించే చేతిగుడ్డలయ్యాయి. వెనక జేబును కూడా వదల్లేదు. అది వంటింటి గోడ మీద కత్తెర పెట్టుకునే సంచిగా వేలాడింది. వారం వారం గరాజ్ ముందు పెట్టే నల్ల చెత్త డబ్బా సగం కూడా నిండేది కాదు. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. "తాతయ్యా, డు మై లంచ్ బ్యాగ్ నెక్స్ట్!" అంటూ ఆయన మిషను చుట్టూ తిరిగేది.

అన్నిటికంటే ఆయనకి ఇష్టమైనవి విరిగిన గొడుగులు. ఇక్కడ వాన ఒక్కటే వస్తే గొడుగుకి ఏమీ కాదు, గాలి తోడైతేనే దాని పని అయిపోతుంది. నవంబరులో రైలు స్టేషను దగ్గర, బస్ స్టాపుల దగ్గర చెత్తబుట్టల్లో గొడుగులు కాళ్ళు పైకి పెట్టుకుని పడి ఉంటాయి. పొద్దున వాకింగ్‌కి వెళ్ళి మామయ్యగారు వాటిని చంకలో పెట్టుకుని తెచ్చేవారు. గుడ్డ విప్పితే ఎనిమిది ముక్కలు. వాటితో కూరగాయల సంచులు, సైకిల్ సీటుకి తొడుగు, మనవరాలి స్కూల్ బ్యాగుకి వానకోటు కుట్టారు. ఊచలు సాపుచేసి బాల్కనీలో చిక్కుడు తీగకి పందిరి వేశారు.

"నీళ్ళంటని గుడ్డ ఇది. పారేసేవాడికి తెలీదు, ఏం పారేస్తున్నాడో" అనేవారు.

ఒకరోజు ఆఫీసులో, నాతో పాటు అదే రైలెక్కే సహోద్యోగి నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మీ మామగారిని స్టేషను దగ్గర చూశాను. చెత్తబుట్టలో ఏదో వెతుకుతున్నారు. ఇంట్లో అంతా బాగానే ఉంది కదా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగా జాలిపడ్డాడు. అందుకే నాకు మరీ మండింది.

ఆయనతో నేరుగా చెప్పి ఉండాల్సింది. "మామయ్యగారూ, స్టేషను దగ్గర మాత్రం వద్దండీ" అంటే సరిపోయేది. కానీ అల్లుడు ఒక మాటంటే ఆయన మర్నాడే రెజైనాకి టికెట్ కొనుక్కుంటారని భయం. భయం కంటే పిరికితనం అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. మర్నాడు పొద్దున రైలు మాని, గరాజ్‌లో ఉన్న గొడుగు ఊచల కట్ట నా కారు డిక్కీలో పెట్టుకుని, ఆఫీసు బేస్‌మెంట్‌లోని పెద్ద చెత్త డబ్బాలో పడేశాను.

సాయంత్రం ఆయన అడిగారు. "అల్లుడుగారూ, ఇక్కడ ఊచలుండాలి, చూశారా?"

"మొన్న మీరే తీసి బయట పెట్టారు కదండీ, తుప్పు పట్టాయని."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశారు. "నేనా? అయ్యుంటుంది" అన్నారు.

ఇంత తేలిగ్గా నమ్ముతారని నేను అనుకోలేదు. అదే మాట మా ఆవిడ చెప్పి ఉంటే, "నీ మొహం, నేనెందుకు పారేస్తాను" అని కసిరేవారు. అల్లుడి మాట కాదనకూడదు. అది ఆయన పెంపకం. నన్ను అబద్ధాలకోరనే కంటే తన జ్ఞాపకశక్తిని అనుమానించుకోవడం ఆయనకి మర్యాదగా తోచింది.

ఆ తర్వాత అది నాకు అలవాటైంది. కాఫీ డబ్బాలు, గాజు సీసాల మూతలు, ఒక బకెట్ల కట్ట. రెండు మూడు వారాలకొకటి డిక్కీలోకి వెళ్ళేది. అడిగినప్పుడల్లా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఎదురింటి ఆంటీకి ఇచ్చేశారు కదండీ." "రీసైక్లింగ్ బ్లూ బాక్సులో వేయమని మీరే అన్నారు." ఒకసారి జిప్పుల సంచి కోసం ఆయన గరాజంతా గాలిస్తుంటే, పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్నాను. ఆ సంచి ఆ పొద్దునే నా చేతుల మీదుగా పోయింది.

వేసవి వచ్చేసరికి ప్రతి డబ్బా మీదా తెల్ల టేపు, దాని మీద ఆయన ఇంజనీరు చేతిరాత కనిపించసాగాయి. "మంగళవారం ఇక్కడ పెట్టాను." "ఎవరికీ ఇవ్వలేదు." మా ఆవిడ అది చదివి వంటింట్లోకి వచ్చి ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వేసి, "ఈ వయసులో మామూలే" అన్నాను. అవును, అన్నాను.

ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ గడియారం గీయమంది, గీశారు. అయిదు మాటలు చెప్పి కాసేపాగి అడిగింది, అయిదూ చెప్పారు. వంద నుంచి ఏడు చొప్పున తీసేయమంటే రెండు దాకా ఆగకుండా వచ్చారు. ఏమీ లేదు, హాయిగా ఉండండి అంది. కారెక్కాక మామయ్యగారు, "మంచావిడ. నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అలా చెప్పింది. లెక్కలు ఎవరికైనా వస్తాయమ్మా. నేను నా చేత్తో చేసిన పని మర్చిపోతున్నాను. అదీ సంగతి" అన్నారు. స్టీరింగు నా చేతిలోనే ఉంది. కారు ఇంటి వైపు తిప్పాను.

మా అమ్మాయిని ఈతకి తీసుకెళ్ళడం ఆయన డ్యూటీ. ఆ వారమే కారు తాళాలు తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టారు. "పిల్లని ఎక్కించుకుని ఎక్కడికి పోతున్నానో మర్చిపోతే? నా మీద నాకే నమ్మకం లేదమ్మా." మిషను మీద దుప్పటి కప్పేశారు. వాకింగ్‌కి వెళ్ళి ఖాళీ చేతులతో రావడం మొదలుపెట్టారు. నేను కోరుకున్నది అదే. డిక్కీలో వేయడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

మతిమరుపన్న మాట బయటికి పాకింది. గుడిలో ఒక రిటైర్డ్ డాక్టరుగారు ఆయన కనిపించినప్పుడల్లా, "ఏమండీ, ఇవాళ ఏ వారం?" అని గట్టిగా, నిదానంగా అడిగేవారు. మునుపైతే మామయ్యగారు, "ఏం, మీకు గుర్తు రావటంలేదా?" అని ఎదురు తగిలి ఉండేవారు. ఇప్పుడు జవాబు చెప్పేముందు నా మొహం చూసేవారు, ఆదివారమే కదా అన్నట్టు.

సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను బాల్కనీలోకి పిలిచారు. ఒళ్ళో ఒక ఫైలు ఉంది.

"లాయరు దగ్గరికి వెళ్ళాలి బాబూ. పవర్ ఆఫ్ అటార్నీ మీ పేరున రాసేద్దామనుకుంటున్నాను. అమ్మాయికి చెప్పాను, సరేనంది."

"నా పేరునెందుకండీ?"

"ఈ ఇంట్లో నేను మర్చిపోయినవన్నీ గుర్తుపెట్టుకున్నది మీరొక్కరే. ఏది ఎక్కడ పెట్టానో, ఎవరికిచ్చానో మీరు చెప్తే గానీ నాకు తెలియట్లేదు. ఇక ముందు కూడా అంతే కదా."

చిక్కుడు తీగ ఆ పందిరి మీద ఇంకా కాస్తూనే ఉంది. నేను దాని వైపు చూస్తూ చెప్పేశాను. ఊచలు, డబ్బాలు, బకెట్లు, జిప్పులు, గుర్తున్నవన్నీ వరసగా చెప్పాను. స్టేషను దగ్గర నా సహోద్యోగి చూసిన సంగతి కూడా చెప్పాను.

అంతా అయ్యాక ఆయన అడిగిన మొదటి మాట, "అయితే నాకేమీ లేదన్నమాట."

"లేదండీ."

"ఒక్కటి కూడా నేను పారేయలేదు?"

"లేదండీ."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. కోపం ఆ తర్వాత వచ్చింది. "జిప్పులు వెతుకుతుంటే లైటు పట్టుకున్నారు కదయ్యా మీరు!" అన్నారు. నన్ను ఆయన "అయ్యా" అని విసుక్కోవడం అదే మొదలు. నాకు ఏదో బరువు దిగినట్టయింది. "ముందు లోపలికెళ్ళి మీ ఆవిడకి చెప్పండి. అది ఏడుపు దిగమింగుకుని తిరుగుతోంది."

చెప్పాను. ఆమె అన్నవి ఇక్కడ రాయను. నాలుగు రోజులు ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టింది మా మామయ్యగారే. అయిదో రోజు ఆయనే కూతురితో, "పోనీలేమ్మా, మనిషి వెధవ పని చేశాడు గానీ వెధవ కాడు" అంటుంటే మెట్ల మీద నుంచి విన్నాను.

నన్ను మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "నాకు చెప్పారు, బాగుంది. మా చెల్లెలికి ఎవరు చెప్తారు? రోజూ ఫోన్ చేసి బీపీ టాబ్లెట్ వేసుకున్నావా అన్నయ్యా అంటోంది. గుడిలో ఆ డాక్టరుకి ఎవరు చెప్తారు?" అని నిలదీశారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు నమ్మలేదు. మామగారి పరువు కాపాడుతున్నానని నన్ను మెచ్చుకున్నారు కూడా. అందుకే ఇది రాస్తున్నాను. మా మామయ్యగారికి మతిమరుపు లేదు, ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా నా అబద్ధం.

మిషను మీద దుప్పటి వారంలోనే లేచింది. తాళాలు మాత్రం నెల దాకా ముట్టుకోలేదు. ఆయన బుర్ర బాగుందని ఆయనకి తెలుసు. కానీ నెలల తరబడి పోతూ వచ్చిన నమ్మకం, తెలిసినంత మాత్రాన తిరిగి రాదు. చివరికి ఒకరోజు, "మీరు పక్కన కూర్చుంటే పిల్లని ఈతకి నేనే తీసుకెళ్తాను" అన్నారు.

వెనక సీట్లో మా అమ్మాయి, పక్కన నేను. సన్నగా వాన. ఆయన నిదానంగా, పద్ధతిగా నడుపుతున్నారు. పెద్ద రోడ్డు కూడలి దగ్గర ఎర్రలైటు పడింది.

"ఇక్కడ ఎడమకే కదా?" అన్నారు, నా వైపు తిరిగి.

ఆ దారిలో ఆయన ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. నేను జవాబు చెప్పలేదు. లైటు పచ్చగా మారింది. ఆయన అద్దంలో చూసుకుని, సిగ్నల్ వేసి, ఎడమకి తిప్పారు.

"అడిగితే చెప్పరేం?"

"మీకు తెలుసు కదండీ."

"తెలుసు. తెలిసినా మిమ్మల్ని అడగటం అలవాటైపోయింది. అంతా మీ చలవే" అన్నారు. వైపర్ల వేగం కొంచెం పెంచి, రోడ్డు వైపు చూస్తూ ముందుకి పోనిచ్చారు.