సాఫ్ట్‌బాల్ మెత్తగా ఉండదు

నేను సాఫ్ట్‌బాల్ కోచ్‌నని చెప్తే ఇప్పటికీ సగం మంది, "అంటే మెత్తటి బంతితో ఆడేదా?" అని అడుగుతారు. కాదు. తోలు తొడిగి కుట్టిన గట్టి బంతి, క్రికెట్ బంతి కంటే పెద్దది. చుట్టాలకు ఈ మాట ఎన్నిసార్లయినా ఓపిగ్గా చెప్తాను. కానీ ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌కి మూడుసార్లు కాగితం మీద రాసిచ్చినా ఎక్కలేదు. ఆ కోపం ఇన్నేళ్లయినా నాలో చల్లారలేదు.

మాది నల్గొండ వైపు పల్లె. నాన్న లారీ నడపడానికి పట్నం వచ్చి మీర్‌పేట్‌లో కిరాయికి దిగాడు. నేను డిగ్రీలో ఈ ఆట నేర్చుకుని, తర్వాత వ్యాయామ విద్య చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరాను. కాలేజీ అంటే నాలుగంతస్తుల బిల్డింగు, కింద బట్టల షాపు. గ్రౌండు లేదు. బ్రోచర్లో మాత్రం పచ్చగా ఉంది.

గ్రౌండు నేనే వెతుక్కున్నాను. ఎల్బీనగర్ దాటాక ఒక పెద్దాయన దొరికాడు. ఒకప్పుడు అక్కడ జొన్న వేసిన కుటుంబం, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. అమ్మకుండా మిగిలిన ఒక ముక్కలో ముళ్లకంప కొట్టించి, "ఆడుకోన్రి బిడ్డా, ఎవడన్న అడిగితే నా పేరు చెప్పున్రి" అన్నాడు. మా కాలేజీకి ఆయన ఏమీ కాడు. అయినా ఆయన చేసిన దాంట్లో సగం కాలేజీ చేయలేదు.

అమ్మాయిల్లో చాలామంది బ్యాట్ పట్టుకోవడం అదే మొదలు. వాళ్లలో బాటసింగారం నుంచి వచ్చే ఒక పిల్ల ఉండేది. తల్లి పండ్ల మార్కెట్లో కాయలు ఏరే పని చేసేది. మొదటి రోజు నేను బంతి విసిరితే మిగతావాళ్లు మొహం తిప్పేసుకున్నారు. ఈ పిల్ల కన్ను ఆర్పలేదు. బ్యాటర్ వెనక కూర్చుని వచ్చిన ప్రతి బంతినీ పట్టేవాళ్లను క్యాచర్ అంటారు. ఆ పనికి ముందు కావాల్సింది ఆ ధైర్యమే. ఆ రోజే ఆమెను క్యాచర్‌ని చేశాను.

క్యాచర్ మొహానికి ఇనుప జాలీ మాస్కు ఉండాలి. మా దగ్గరున్నది నేను ఆడిన రోజుల నాటిది. దాని పట్టీ తెగింది, తర్వాత జాలీ ఊడింది. కొత్తది కావాలని ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాను. ఆయనది కోస్తా వైపు, మాట చాలా మర్యాదగా ఉండేది.

"పేరే సాఫ్ట్‌బాల్ కదండీ మేడం, మెత్తగానే ఉంటుందిగా. మాస్కెందుకు చెప్పండి?"

బ్యాగులోంచి బంతి తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు. రెండో ఉత్తరానికి "చూద్దామండీ" అన్నారు. మూడోది ఫైల్లో పెట్టించారు.

ఆ ఏడాదే మేం యూనివర్సిటీ టోర్నమెంటు గెలిచాం. మాస్కు లేకుండా అంపైర్ ఆడనివ్వడు కాబట్టి ప్రతి మ్యాచ్‌కీ ఎవరో ఒకరి దగ్గర అరువు తెచ్చుకున్నాం. చివరికి సెమీఫైనల్లో మా చేతిలో ఓడిన జట్టునే అడిగి మాస్కు తెచ్చుకుని మా పిల్ల ఫైనల్ ఆడింది. కప్పు కాలేజీకి రాగానే చైర్మన్ దాన్ని రెండు చేతులా ఎత్తి ఫొటో దిగాడు. అమ్మాయిలు ఆయన వెనక నిలబడ్డారు.

రెండు వారాల తర్వాత ప్రాక్టీసులో బ్యాట్ అంచుకు తగిలిన బంతి నేరుగా మా క్యాచర్ మొహానికి వచ్చి కొట్టింది. ఆమె అరవలేదు. రెండు చేతుల్తో మూతి మూసుకుని అక్కడే కూలబడింది. వేళ్ల సందుల్లోంచి రక్తం. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తుంటే నా ఒళ్లో తల పెట్టి, "మేడం, అమ్మకు జర మెల్లగ చెప్పున్రి" అంది. రెండు పళ్లు పోయాయి. చెంప ఎముక చిట్లింది.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ నన్ను పిలిచి తెల్లకాగితం ముందుకు జరిపారు. "మీరు వద్దంటున్నా అమ్మాయే వెళ్లి కూర్చుందని రాయండి. మీకూ మంచిది, కాలేజీకీ మంచిది."

దవాఖానలో పిల్ల నోరు తెరవలేక పడి ఉంది. ఇక్కడ తప్పు ఆమెదే అని నా చేత రాయించాలని చూస్తున్నారు! కాగితం దగ్గరికి లాక్కున్నాను. మూడు ఉత్తరాల తేదీలు వేసి, ఏమడిగానో, ఏం జవాబొచ్చిందో ఉన్నదున్నట్టు రాశాను. మాస్కు లేదని తెలిసీ ప్రాక్టీసు పెట్టింది నేనేనని కూడా రాశాను. అదీ నిజమే.

మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి కాలేజీకి వచ్చింది. పని మీంచి అట్లాగే వచ్చినట్టుంది, కొంగుకు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. ఆమె నామీద విరుచుకుపడుతుందని అక్కడున్నవాళ్లు చూస్తున్నారు. నేనూ తల వంచుకునే నిలబడ్డాను. ఆమె ప్రిన్సిపాల్‌ని అడిగింది. "మొకానికి అడ్డం పెట్టేది ఏదో ఉంటదంట గదా సారు. అదేది?"

"ఆటలన్నాక దెబ్బలు తగులుతాయమ్మా."

"మార్కెట్ల బత్తాయిలు పోసేటప్పుడు దెబ్బ తగుల్తదని కింద గడ్డి పరుస్తం సారు. కాయకు చేస్తం గా పని. మీరు ఆడపిల్ల మొకానికి ఏం పెట్టలే."

ప్రిన్సిపాల్ ఫోను చేతిలోకి తీసుకుని ఏదో చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత మాస్కు కొంటారనుకున్నాను. జట్టునే రద్దు చేశారు. నాకు మెమో ఇచ్చారు. రెండు నెలలకు ఆ పిల్ల కాలేజీకి వస్తే, జట్టు మళ్లీ మొదలైతే ఆడతావా అని అడిగాను. నేల చూస్తూ చెప్పింది. "ఒద్దు మేడం. బంతి యాదికొస్తేనే కండ్లు మూసుకుంటున్న." నేను చాలా ఓటములు చూశాను. దేనికీ అంత కుంగిపోలేదు.

వేసవిలో నన్ను అడ్మిషన్ల ప్రచారానికి పంపారు. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్చుకొచ్చే పని. బాలాపూర్, మీర్‌పేట్ గల్లీల్లో ఎండన పడి తిరగాలి. కరపత్రాల కట్ట విప్పితే పై బొమ్మ మా జట్టుదే. కప్పుతో చైర్మన్, వెనక మా పిల్లలు, కింద 'క్రీడలకు మా ప్రోత్సాహం'. మా క్యాచర్ పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతోంది. ఆ కాగితాన్ని ఇంటింటికీ నా చేత్తోనే పంచమన్నారు.

మీర్‌పేట్‌లో ఒక తండ్రి కరపత్రం చూసి సంబరపడ్డాడు. "మా బిడ్డకు ఆటలంటే పానం మేడం. మీ కాలేజీల గిదంతా ఆడనిస్తరా?"

నా పక్కన కామర్స్ లెక్చరర్ ఉన్నాడు. అయినా చెప్పాను. "ఆడనియ్యరన్నా. గీ ఫొటోల ఉన్న జట్టును తీసేసిన్రు."

సాయంత్రానికి ఆ సంగతి కాలేజీకి చేరింది. వాళ్లు పిలిచి అడిగేలోపే నేను రాజీనామా రాసి బల్ల మీద పెట్టి వచ్చాను.

తర్వాత ఎల్బీనగర్ పక్కన ఇంకో కాలేజీలో చేరాను. ఇంటర్వ్యూలో జీతం సంగతి ఎత్తకముందే మాస్కు, ఛాతీ కవచం, కాళ్ల ప్యాడ్లు అడిగాను. అక్కడి ప్రిన్సిపాల్ మేడం నవ్వి, "ముందు అవే తెప్పిద్దాం" అంది. ఆ జట్టుతో చాలా కప్పులు గెలిచాను. నా దగ్గర ఆడినవాళ్లు రాష్ట్ర జట్టులోకి వెళ్లారు. ప్రతి విజయం తర్వాతా రహస్యమేంటని విలేకరులు అడుగుతారు. పిల్లలకు భయం లేకుండా చూడటం అంటాను. మర్నాడు పేపర్లో 'క్రమశిక్షణ' అని వస్తుంది.

పోయిన ఏడాది ఒక సభలో నాకు ఉత్తమ కోచ్ సన్మానం చేశారు. నా మొదటి కాలేజీ నన్ను తీర్చిదిద్దిందని వ్యాఖ్యాత చదివాడు. వాళ్లే రాసి పంపారట. నేను మైకు తీసుకుని, అక్కడ ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ముందు వరసలో కొందరు లేచి వెళ్లిపోయారు. శాలువా కప్పాల్సినాయన ఏం చేయాలో తెలియక దాన్ని చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

కిందికి దిగాక కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఇద్దరు ఫిజికల్ డైరెక్టర్లు వచ్చి, "మేడం, మేమూ మాస్కు కోసం లెటర్ పెట్టినం. ఇంకా రాలే" అన్నారు.

"పెట్టున్రి, పెడుతనే ఉండున్రి" అన్నాను. "కని సామాను ఒచ్చేదాక పిల్లను బ్యాటర్ ఎనక కూసోబెట్టకున్రి. నేను కూసోబెట్టిన."