చివరి పేజీ పండితుడు

లాక్‌డౌన్ నాళ్ళలో, జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో, ఒక పుస్తకాన్ని మెచ్చుకుని నేను సర్వనాశనమయ్యాను. మెచ్చుకుంటే తప్పేమిటంటారా? చదివి మెచ్చుకుంటే ఏమీ లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది చదవకుండానే పోయింది.

అప్పటి నిబంధన ప్రకారం ఒక ఇంటికి బయటి మనిషి ఒక్కరే రావచ్చు. మా పై అంతస్తులో ఉండే వరంగల్ రమక్క ఆ ఒక్కడిగా నన్ను ఎంచుకుంది. వారమంతా లాప్‌టాప్ ముందు నూడుల్స్ మింగే నాకు ఆదివారం ఆమె పెట్టే గోంగూర మటనే ప్రాణాధారం. ఆమె భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కింది అంతస్తు శ్రీకాంత్ కాచుకుని ఉన్నాడు. కాబట్టి అక్క ఏమిచ్చినా బాగుందనడమే నా అసలు ఉద్యోగం.

ఒకరోజు అక్క ఓ లావుపాటి పుస్తకం ఇచ్చింది. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ను వాళ్ళమ్మ వారం వారం కత్తిరించి, దారంతో కుట్టి, అట్ట వేసిన నవల. మూడో పేజీకే ముగ్గురు ఏడ్చారు. నాకేమో హత్య జరగనిదే పేజీ తిరగదు. మూసి పక్కన పెట్టాను. మరుసటి ఆదివారం, "ఎట్లుంది తమ్మీ?" అని అడిగింది.

"రెండుసార్లు ఏడ్చాను అక్కా" అన్నాను.

లోకమంతా మూతికి మాస్కు కట్టుకుని తిరుగుతుంటే నా నోటికే అదుపు లేదు. అక్క పొంగిపోయి, మా తమ్మికి నచ్చిన ఇలాంటి నవలలే ఇంకా ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగింది. జీగెన్ నుంచి రెండు, ఇల్మెనౌ నుంచి మూడు, ఇంకెక్కడెక్కడినుంచో మరో నాలుగు వచ్చాయి. అన్నీ కన్నీళ్ళే. నేను ఒక్కటీ తెరవకుండా అన్నిటినీ ఆదివారానికొకటి చొప్పున మెచ్చుకుంటూ పోయాను.

చివరికి అక్క పుస్తకాలు పంపినవాళ్ళందరినీ జూమ్‌లో కూర్చోబెట్టి, వాళ్ళమ్మ కుట్టిన ఆ మొదటి నవల గురించి నన్ను రెండు ముక్కలు చెప్పమంది. కంగారులో పుస్తకాన్ని వెనకనుంచి తెరిచి, ఆఖరి పేజీ చదివి అందుకున్నాను. ఇన్‌స్పెక్టర్ ప్రభాకరం తలుపు తోసుకుని లోపలికి రావడంతో ఆ కుటుంబం కన్నీళ్ళకు న్యాయం జరిగిందన్నాను. జీవితసత్యం అన్నాను. అందరూ కదలకుండా ఉంటే నెట్ ఆగిందనుకున్నాను.

"ఇన్‌స్పెక్టర్ ఎవరు తమ్మీ? గా కథల పోలీసోళ్ళే లేరు" అంది అక్క.

పత్రిక కాగితానికి రెండు వైపులుంటాయని అప్పుడు గుర్తొచ్చింది. అక్క నవల ముందువైపే ముగిసింది. వెనకవైపున్నది ఆ వారం వచ్చిన వేరే డిటెక్టివ్ సీరియల్.

ఆదివారం దొంగలా మెట్లెక్కాను. వాళ్ళమ్మ చేత్తో కుట్టిన పుస్తకం మీద అబద్ధమాడినందుకు నిజంగానే సిగ్గేసింది. నాకు డిటెక్టివ్ కథలే ఇష్టమని, ఒక్క నవలా చదవలేదని ఒప్పేసుకున్నాను. అక్క గరిటె కింద పెట్టింది.

"నాకు సుత గవే ఇష్టం తమ్మీ. ఏడుపు కథలు నాకు పడయి, అమ్మ గుర్తని గదొక్కటి దాచుకున్న. నీకు నచ్చినసొంటియా కాదా అని ఒక్కొక్కటి ముందుగాల నేను చదివి ఇచ్చిన. మూడు నెలల సంది నీకోసం ఏడుస్తున్న. ఇగ గా వచ్చిన తొమ్మిది నువ్వు చదివి కథ చెప్పేదాంక గా కుర్చీ శ్రీకాంత్‌ది."

తొమ్మిదీ చదివాను. శ్రీకాంత్ నాలుగు కిలోలు పెరిగాడు.

కనుక, చేతులు శుభ్రంగా శానిటైజ్ చేసుకుని ప్రమాణం చేస్తున్నాను. చదవని పుస్తకాన్ని ఈ జన్మలో మెచ్చుకోను. మెచ్చుకోక తప్పకపోతే, ముందు భోజనం ముగించుకుని ఆ తర్వాతే మెచ్చుకుంటాను.