నలగని నిమ్మకాయ

ములకలపల్లి దాటాక వాగు పొంగి మా బస్సు ఆగిపోయింది. అందరం ఒడ్డున నిలబడ్డాం. వెనకే ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేసిన జీపొకటి వచ్చింది. నడుపుతున్నది ఒక నడివయసు స్త్రీ. వెనక సీట్లో నొప్పులు పడుతున్న గర్భిణి.

"ఇంత పెద్ద టైరు, స్టీరింగ్ తిప్పితే లోపలి రాడ్డుకు రాసుకుంటదక్కా, నడుమల ఆగుతవ్," అన్నాడు మా డ్రైవరు.

"అవ్, మొన్నటిదాక రాసుకున్నది. రాడ్డు కోసి, వంచి, మళ్ల వెల్డింగ్ చేసిన."

జీపులోంచి ఓ నిమ్మకాయ తీసింది. దిష్టి పోవాలని అందరూ తొక్కించినట్టు దాన్ని టైరు కింద పెట్టలేదామె. టైరు పక్కన, ఆ రాడ్డుకు దారంతో కట్టింది. "రాసుకుంటే ఇదే నలుగుతది, తమ్మీ."

జీపు రాళ్ల మధ్య మెలికలు తిరుగుతూ వాగు దాటింది. అవతల ఆమె దిగి, నిమ్మకాయ తెంపి పైకెత్తి చూపించి, దవాఖానా వైపు వెళ్లిపోయింది. కాయ నలగలేదు. మేమంతా కేకలు వేశాం, మా డ్రైవరు అందరికంటే గట్టిగా.

ఇప్పటికీ ఎవరైనా కొత్త బండితో నిమ్మకాయ తొక్కిస్తుంటే, నేను వంగి టైరు పక్కకే చూస్తాను.